చెవిలో కీచురాయి

ఆ ఏడు వానాకాలంలో స్వర్ణకు మలేరియా వచ్చింది. అనంతగిరి కొండల్లో మలేరియా తొక్కని గడప లేదు గానీ, ఇది తలకెక్కిన రకం. మాట తడబడింది. మనుషుల్ని పోల్చుకోవడం మానేసింది. భర్త రవిబాబు కాఫీ తోట జీపులో వేసుకుని ఆసుపత్రికి పరుగెత్తాడు. అక్కడ క్వినైన్ సీసాలు ఎక్కించారు. ప్రాణం దక్కింది. దాంతోపాటు చెవుల్లో ఒక కీచురాయి కూడా ఇంటికి వచ్చింది.

“మందు వల్లే. చాలామందికి తగ్గిపోతుంది, ఓపిక పట్టండి” అన్నాడు డాక్టరు.

చెవుల్లో హోరు చాలావరకు తగ్గింది కూడా. ఆశ్రమ పాఠశాలలో ఎప్పటిలాగే సైన్సు చెబుతోంది. సంతలో బేరాలు ఆడుతోంది. కానీ సన్నగా, తెగకుండా మోగే ఆ కీచు మాత్రం పోలేదు. మరొకరైతే దానికి అలవాటు పడిపోయేవారు. స్వర్ణకు చెవులతో ఇంకో పని ఉంది.

ఆమె హామ్ రేడియో మనిషి, ఇంట్లో సొంత సెట్టు పెట్టుకుని దేశదేశాలవాళ్లను గాలిలో పలకరించే సరదా ఉన్నది. పార్వతీపురంలో చదువుకునే రోజుల్లో పక్క వాటాలో సర్వేశ్వరరావు మాస్టారు ఉండేవారు. ఆయన తంతి ఆఫీసులో చేసి రిటైరైన మనిషి. చుక్కలూ గీతలూ కలిపి మాట్లాడే మోర్స్ భాష ఆమెకు ఆయనే నేర్పారు, దగ్గరుండి లైసెన్సు పరీక్షా రాయించారు. ఏటా చలి మొదలయ్యే వేళ దేశదేశాల హామ్‌లకు ఒక పోటీ జరుగుతుంది. గాలిలో ఎంతమంది దొరికితే అంతమందిని పలకరించి, ఎదుటివాళ్ల కాల్‌సైన్, అంటే అక్షరాలూ అంకే కలిసిన రేడియో పేరు, వరస నంబరు చెవితో విని రాసుకోవాలి. ఒక్క అక్షరం తప్పినా ఆ పలకరింపు లెక్కలోకి రాదు. పట్నంలో కరెంటు తీగల వల్ల రేడియోలో గోల ఎక్కువని మాస్టారు ఆ పోటీకి కొండెక్కి స్వర్ణ ఇంటికే వస్తారు. ఇద్దరిదీ ఒక జట్టు.

ఆసుపత్రి నుంచి వచ్చాక స్వర్ణ రేడియో సెట్టు మీద కప్పిన తువ్వాలు తియ్యలేదు.

“బేటరీ సార్జింగు పెట్టీమంటావా?” అని రవిబాబు ఒకటి రెండుసార్లు అడిగాడు.

“ఇప్పుడొద్దులే.”

“పోనీ, ఈ ఏడు రావద్దని మాస్టారికి ఫోను సేసి సెప్పీమంటావా?”

ఆమె దానికీ తల ఊపలేదు. రావద్దంటే ఎందుకని అడుగుతారు. చెవులు పోయాయని తనకే రూఢిగా తెలియదు. సెట్టు వేస్తే తెలిసిపోతుంది. అందుకే వెయ్యలేదు.

మాస్టారు రానే వచ్చారు. కిరండోల్ పాసింజరు దిగి, మెడకు మఫ్లరు చుట్టుకుని, చేతిలో తన పాత మోర్స్ మీట ఉన్న సంచీతో గుమ్మంలో నిలబడ్డారు.

“ఏటమ్మా, ఇంతలా సిక్కిపోనావు?”

“జొరం వచ్చింది మాస్టారూ. తగ్గిపోనాది.”

చెవుల ఊసు ఎత్తలేదు.

మర్నాడు తెల్లవారుతూనే పోటీ మొదలైంది. మంచు ఇంకా విడవలేదు. ఇంటి వెనక రెండు సిల్వరోక్ చెట్ల మధ్య రవిబాబు కట్టిన ఏరియల్ తీగ సగం దాకానే కనబడుతోంది. మాస్టారు హెడ్‌ఫోను పెట్టుకుని మీట ముందు కూర్చున్నారు. ఆయన విన్నది పైకి చెబుతుంటే స్వర్ణ రాసుకుంటోంది. ఈ పని ఎంతసేపైనా చెయ్యగలదు. పోటీ ఇలాగే గడిచిపోతే బాగుండునని లోలోపల మొక్కుకుంది.

ఎండ పొడిచేసరికి జపాన్ స్టేషన్లు ఒకదాని మీద ఒకటి పడి పిలవసాగాయి. మాస్టారు మీట వదిలేసి కుడి మణికట్టు పట్టుకున్నారు.

“పట్టీసిందమ్మా. ఇంక నువ్వు కూకో.”

“కాసేపు మీరే సూడండి మాస్టారూ.”

“సెయ్యి లెగట్లేదు. జపానోళ్లంతా ఇప్పుడే తగులుకున్నారు, వొదిలేస్తే మల్లీ దొరకరు. బేగి రా.”

తప్పించుకునే దారి లేకపోయింది. స్వర్ణ కూర్చుని హెడ్‌ఫోను పెట్టుకుంది. ముందు గాలి హోరు వినిపించింది. దాని వెనక ఎవరో పిలుస్తున్నారు, పిలుస్తున్న సంగతి తెలుస్తోంది. ఏమని పిలుస్తున్నారో తెలియడం లేదు. చుక్క ఎక్కడ ఆగుతోందో, గీత ఎక్కడ మొదలవుతోందో పోల్చుకోలేకపోయింది. కళ్లు మూసుకుని విన్నా అంతే. 

హెడ్‌ఫోను తీసి బల్ల మీద పెట్టేసింది.

“నాకు ఇనబడట్లేదు మాస్టారూ.”

ఇన్నాళ్లూ దాచుకున్నదంతా అప్పుడు చెప్పింది. జ్వరం, సీసాలు, కీచురాయి, తువ్వాలు.  మాస్టారు మధ్యలో అడ్డుపడకుండా విన్నారు.

“ఇప్పుడు నా మాట ఇనబడతంది కదా?”

“ఇనబడతంది.”

“మరి ఏటి ఇనబడదు?”

“సిగ్నలూ, నా సెవిలో గోలా ఒక్కలాగే ఉంటన్నాయి. రెండూ కలిసిపోతన్నాయి” అంటూనే స్వర్ణ ఆగిపోయింది.

ఒక్కలాగే ఉంటే కలిసిపోవడంలో వింతేముంది? నేర్చుకున్న నాటి నుంచీ ఆమెకు మోర్స్ సన్నగా, ఈల వేసినట్టు వినడమే అలవాటు. మాస్టారూ అంతే. కీచురాయిదీ అదే స్వరం. దాన్ని మార్చడం తన చేతిలో లేదు. కానీ సెట్టులో సిగ్నల్ స్వరాన్ని మార్చడానికి ఒక చిన్న నాబ్ ఉంది. దాన్ని తిప్పితే, మనం పంపేది మారకుండా చెవికి వినబడే స్వరం మాత్రమే మారుతుంది.

హెడ్‌ఫోను మళ్లీ పెట్టుకుని ఆ నాబ్‌ను నెమ్మదిగా తిప్పింది. ఈల కిందికి దిగింది. ఇంకా తిప్పింది. గొంతు పట్టేసిన మనిషి మూలుగులా బొంగురుగా మారింది. కీచురాయి పైన ఎక్కడో దాని పాటికది మోగుతోంది. కింద, దానితో ఏ సంబంధమూ లేకుండా, చుక్కలూ గీతలూ విడివిడిగా, పుల్లలు విరిచి పరిచినట్టు వస్తున్నాయి. జె. ఎ. అంటే జపానే. ఒక అంకె. మూడక్షరాలు.

చెయ్యి దానంతటదే మీట మీదికి పోయింది. జవాబు పంపింది. అవతలివాడు తన నంబరు చెప్పాడు. రాసుకుంది. ఆ వెనకే ఇంకొకడు.

మాస్టారు రెండో హెడ్‌ఫోను తగిలించుకుని, ఒక కాగితం ముక్క మీద తనూ రాయడం మొదలుపెట్టారు. చాలాసేపటికి పిలుపులు పల్చబడ్డాయి. అప్పుడు ఇద్దరి కాగితాలూ పక్కపక్కన పెట్టారు. స్వర్ణ ఆయన వేలి వెంటే చూసింది. అన్నీ కలిశాయి, ఒక్కచోట తప్ప. ఒక కాల్‌సైన్ చివర ఆమె ‘హెచ్’ అని రాసింది, ఆయన ‘ఎస్’ అని రాశారు.

“ఎస్సే అయ్యుంటాదమ్మా. హెచ్‌కి నాలుగు సుక్కలు, ఎస్‌కి మూడు. నువ్వు సెవుల్లేనప్పుడు సేసిన తప్పు కాదిది. మంచి సెవులున్నప్పుడూ నువ్వు ఇదే తప్పు సేసేదానివి. పోయిన ఏడు రెండుసార్లు సేసినావు.”

స్వర్ణకు నవ్వు వచ్చింది. నవ్వుతుంటే కళ్ల వెంట నీళ్లు కారాయి. తుడుచుకోలేదు. ఇన్ని నెలలుగా భుజాలు బిగబట్టుకు తిరుగుతున్నానని అవి సడలినప్పుడు గానీ ఆమెకు తెలియలేదు.

అప్పుడే రవిబాబు రాగిపిండితో కాచిన చోడి అంబలి చెంబుతో లోపలికి వచ్చాడు. భార్య కళ్లు చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

“ఏటైంది?”

“తప్పు రాసినాను” అంది స్వర్ణ, ఇంకా నవ్వుతూనే.

తప్పు రాసినందుకు ఇంత సంబరం ఎందుకో అతనికి అర్థం కాలేదు. మాస్టారి వంక చూశాడు. ఆయన మణికట్టు నిమురుకుంటూ, “అంబలి నాకిచ్చీ నాయినా. ఆవిడ ఇప్పట్లో లెగదు” అన్నారు.

నిజంగానే స్వర్ణ అప్పటికే హెడ్‌ఫోను సర్దుకుని మళ్లీ పిలవడం మొదలుపెట్టింది.