ఊరికే నిలబెట్టిన బండి

గ్రీజు గన్ను మూతిని బకెట్‌ను ఎత్తే బూమ్ కీలుకు తగిలించి జ్ఞానప్రకాశం పిడి నొక్కుతూనే ఉన్నాడు. పాత గ్రీజంతా నల్లగా బయటికొచ్చి, దాని వెనక కొత్తది పచ్చగా తొంగిచూసేదాకా ఆపే అలవాటు లేదు. చాల్లే అనేవాళ్లూ లేరు, సరిగ్గా కొట్టావా అని అడిగేవాళ్లూ లేరు. ఆళ్లగడ్డ దాటాక తుమ్మచెట్ల మధ్య, ఎండాకాలానికి నీళ్లు కట్టేసిన పిల్లకాలువలో, ఆ ఉదయం అతనూ మట్టి తవ్వే అతని చైన్ బండీ తప్ప ఇంకో ప్రాణి లేదు. బండిని కూడా ప్రాణుల లెక్కలో వేసుకోవడం అతనికి ఈమధ్యే అలవాటైంది.

యాభై ఎనిమిదేళ్ల మనిషి. పొట్టి, కాస్త బరువు. ఏళ్ల తరబడి కుడివైపు వంగి బకెట్ పళ్లను చూసి చూసి తల ఓ పక్కకు వాలిపోయింది. ఫోటోకి నిలబెడితే ఎవరో చెవిలో చెప్పే మాట వింటున్నట్టుంటాడు. చూసేవాళ్లు లేకపోయినా రోజూ గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మరీ వస్తాడు. ఒకప్పుడు ఇనుప లివర్లు లాగి కాయలు కాసిన అరచేతులు, వేళ్లతో కదిలే ఈ కొత్త పిడుల పుణ్యమా అని మెత్తబడ్డాయి. ఈ వయసులో వచ్చిన ఈ సుకుమారాన్ని ఎవరికైనా చూపించి నవ్విద్దామంటే ఎవరున్నారు గనక.

క్యాబిన్ ఎక్కి తలుపు మూసుకుంటే బయటి చప్పుళ్లన్నీ ఆగిపోతాయి. అద్దాలకు నల్ల కాగితం, లోపల ఏసీ, ఎదురుగా పలకంత తెర. కాలువ అడుగు ఎక్కడిదాకా తవ్వాలో నంద్యాల ఆఫీసులోనే ఎక్కించి పంపారు. బకెట్ ఎంత లోతులో ఉందో ఉపగ్రహాలు చెబుతుంటాయి. తెర మీద పచ్చగీత తగిలేదాకా బకెట్ దింపడం, పూడిక ఎత్తడం, తిరిగి గట్టున పోయడం, అంతే పని. గీత దాటబోతే తెర ఎర్రబడుతుంది. తిట్టదు, పొగడదు.

యంత్రాన్ని ఆడిపోసుకునే రకం కాదతను. మట్టి మోయనివాళ్లే యంత్రాల్ని తిడతారని అతని నమ్మకం. వాళ్లమ్మ మరియమ్మ కాలువ పనుల్లో తట్టలు మోసి మోసి వయసులోనే నడుం వంగిపోయింది, ఆ వంగిన నడుంతోనే పెట్టెలోకి వెళ్లింది. ఆమె వెనకాలే తనూ చిన్న తట్ట మోశాడు. ఆ కష్టం మళ్లీ రావాలని పగవాడికి కూడా కోరుకోడు. కానీ అక్కడ ఎంత గోల ఉండేదని. తుమ్మకొమ్మలకు చీరల ఉయ్యాలలు, ఏడ్చే పిల్లలు, సద్దిమూటల దగ్గర తగాదాలు, మేస్త్రీ వెనక్కి తిరిగితే చాలు అతని నడకను అనుకరించి పకపకలు. వందమంది చేసిన ఆ పనిని ఇప్పుడు ఒక్కడే కూర్చుని చేస్తున్నాడు. సంతోషించాల్సిన సంగతే. అయినా ఆ వందమందీ ఒక్కసారి ఎదురైతే బాగుండునని అతనికి ఎన్నోసార్లు అనిపించింది.

మనుషులు ఒకేసారి మాయం కాలేదు. బేతంచెర్ల నాపరాళ్ల గనుల్లో చేసేటప్పుడు బండికో క్లీనరుండేవాడు, పని తగ్గిందని అతన్ని తీసేశారు. లెవెల్ బద్ద పట్టుకుని ఎండలో నిలబడే మనిషిని ఈ తెర మింగింది. కాపలావాణ్ణి కెమెరా మింగింది. డీజిలు పోసే డేనియల్ రోజూ వచ్చి ఊళ్లోని కబుర్లన్నీ మోసుకొచ్చేవాడు. ట్యాంకులో ఎంత మిగిలిందో ఆఫీసుకే తెలిసిపోవడం మొదలయ్యాక అతనూ ఎప్పుడో వస్తాడు, పోస్తాడు, పోతాడు. సూపర్‌వైజరైతే సరేసరి, ఫోన్లోకి బొటనవేలి బొమ్మ పంపి ఊరుకుంటాడు.

అవుకు రిజర్వాయరు పనుల్లో కూలీలకు వంటచేసే సారమ్మను చేసుకున్నాడు. అన్నం వేళకు ఆమె గరిటె తీసుకొచ్చి బండి చైను మీద ఠంగుమనిపించేది. ఇంజను హోరులో ఆ ఒక్క చప్పుడూ అతనికి వినపడేది. పిల్లలు కలగలేదు. ఒకరికొకరు చాల్లే అనుకుని కాలం గడుపుతుండగా, ఒక వానాకాలం జ్వరమొచ్చి ఆమె పోయింది. పాణ్యంలో ఇంటికి తాళం వేసి, ఎక్కడ పని పడితే అక్కడ గది తీసుకుంటున్నాడు. ఇప్పుడు ఆళ్లగడ్డ బస్టాండు వెనక ఒక గది. పొద్దున మెస్సులో అన్నం పార్శిలు కట్టమని చెబుతాడు. అది తప్ప రోజు మొత్తానికి అతను నోరు విప్పి మాట్లాడేది నౌషీన్‌తోనే.

నౌషీన్ ముఖం అతనెప్పుడూ చూడలేదు. బండ్లు అద్దెకిచ్చే నంద్యాల ఆఫీసులో ఆమె ఉద్యోగం. ఏ బండి ఎక్కడుందో, తవ్వుతోందో, ఊరికే డీజిలు తాగుతూ నిలబడిందో ఆమె ముందున్న కంప్యూటర్లో రంగు చుక్కల్లో కనిపిస్తుంది. పది నిమిషాలు దాటి ఊరికే నిలబడితే చుక్క పసుపు రంగుకు మారుతుంది. వెంటనే ఆ ఆపరేటరుకు ఫోన్ చేసి కారణం అడగాలి, అడిగి కంప్యూటర్లో ఎక్కించాలి. పోయినేడాది ఒక మధ్యాహ్నం జ్ఞానప్రకాశం ఇంజను నడుస్తుండగానే కునుకు తీస్తే అట్లాగే ఫోన్ మోగింది. ఏమైందన్నా, ఒంట్లో బాగుందా అని ఒక ఆడపిల్ల అడిగింది. సారమ్మ పోయాక అతని ఒంటి సంగతి ఎవరూ అడగలేదు. తడబడిపోయి, బాగున్నానమ్మా అని చెప్పి, ఆ సాయంత్రమంతా ఆ మాటనే తలచుకున్నాడు.

మర్నాడు కావాలనే బండి నిలబెట్టాడు. ఫోన్ వచ్చింది. ఆ మర్నాడూ నిలబెట్టాడు. అప్పట్నుంచీ పొద్దుటి పని సగమయ్యాక ఇంజను నడుస్తుండగానే చేతులు ముడుచుకుని కూర్చోవడం అతని దినచర్య అయింది. నీళ్లు తాగుతున్నాననీ, చెమట తుడుచుకుంటున్నాననీ ఏదో ఒక అబద్ధం. కొత్తవి దొరక్క పాతవే తిప్పి తిప్పి చెప్పేవాడు. ఆమె వాళ్లమ్మ సుల్తానా రవికలు కుడుతుందనీ, ఆఫీసులో ఫ్యాను తిరగడంకన్నా అరవడం ఎక్కువనీ అట్లా ముక్కలు ముక్కలుగా తెలిసింది. ఆమెకు జలుబు చేస్తే గొంతును బట్టి పసిగట్టి మిరియాల కషాయం తాగమనేవాడు. డీజిలు వృథా చేయడం తప్పని అతనికి తెలియక కాదు. మరీ పెద్ద తప్పనిపించలేదు.

ఆ రోజు కూడా బండి నిలబెట్టి ఫోన్ వంక చూస్తూ కూర్చున్నాడు. ఎప్పటికన్నా ఆలస్యమైంది. మనసు ఏదో కీడు శంకించింది. చివరికి మోగింది.

"అన్నా, నేనే. ఈ పొద్దు కారణం అడగన్లే."

కంపెనీ మధ్యాహ్నం బండ్లన్నిటికీ ఏదో కొత్తది పంపిస్తోందని చెప్పింది. పంపడమంటే మనిషి రానక్కర్లేదు, గాల్లోంచే వచ్చేస్తుంది. ఇకమీదట బండి ఐదు నిమిషాలు ఊరికే నిలబడితే ఇంజను దానంతటదే ఆగిపోతుంది. డీజిలు మిగులుతుంది. ఎవరూ ఎవరికీ ఫోన్ చేసి అడగాల్సిన పని లేదు. అందుకని ఆమెను ఈ పూటతో మానుకొమ్మన్నారు. ఇదంతా ఆమె పక్కింటివాళ్ల సంగతి చెప్పినంత తేలిగ్గా చెప్పింది. ఆ తేలిక అబద్ధమని అతనికి గొంతులోనే తెలిసింది.

ఇప్పుడేం చేస్తావని అడిగాడు. అమ్మ దగ్గర కూర్చుని గుండీలు కుడతానంది.

"ఒక మాట అడుగుతా, చెప్పన్నా. దినామూ ఇదే టైముకు ఏమిటికి నిలబెడతాంటివి?"

"నీళ్లు తాగనీకి మా."

"నీళ్లు తాగనీకి ఇంత సేపు పట్టదు. నాకు తెల్సులే. టిప్పర్ కోసం నిలబెట్టినాడని ఎక్కిస్తాంటి. ఆ కాలవ కాడికి టిప్పరే రాదని మొన్ననే గుర్తుకొచ్చింది."

ఆమె నవ్వింది. గట్టున మట్టి పోసే పనికి టిప్పరెందుకొస్తుందని అతనూ నవ్వాడు. చాలా రోజుల తర్వాత విన్న తన నవ్వు తనకే కొత్తగా అనిపించింది. ఇక దాచి లాభం లేదు.

"ఊరికేనే పాపా," అన్నాడు. "మనిషి గొంతు ఇనపడతాదని."

అనకూడని మాట అన్నానేమోనని అతను కంగారుపడ్డాడు.

"నీ నంబరు నా సొంత ఫోన్లో ఎక్కించుకుంటాండా," అంది నౌషీన్. "ఊరికే చేస్తా. పనేం ల్యాకున్యా చేస్తా."

చెయ్యమన్నాడు. నమ్మలేదు. పని ముగిసి విడిపోయేటప్పుడు మనుషులు ఈ మాట అంటారు. గనుల దగ్గర, రిజర్వాయరు దగ్గర తనూ ఎంతమందితోనో అన్నాడు, ఒక్కరికీ చేయలేదు. ఆమెను తప్పుపట్టే అర్హత తనకు లేదనుకుని మళ్లీ పిడులు పట్టుకున్నాడు.

మధ్యాహ్నం క్యాబిన్లోనే పార్శిలు విప్పి తింటుండగా తెర నల్లబడింది. ఒక తెల్లటి చక్రం తిరిగి తిరిగి ఆగింది, మళ్లీ కాలువా పచ్చగీతా వచ్చాయి. వచ్చిన తేడా ఏమీ కనపడలేదు. అన్నం సయించలేదు. రొమ్ములో బరువుగా ఉంటే పచ్చడి ఘాటని సరిపెట్టుకుని, పొట్లం చుట్టి పక్కన పెట్టి పనిలో దిగాడు.

ఎండ తిరుగుతుండగా ఆ బరువు ఎడమచేతిలోకి పాకింది. అంత ఏసీలోనూ చొక్కా తడిసిపోయింది. బకెట్ నిండా నల్లటి పూడిక ఎత్తి గట్టువైపు తిప్పుతున్నాడు. సగం దూరం తిరిగేసరికి చేతులు పిడుల మీదినుంచి జారాయి. బండి ఎక్కడిదక్కడ నిలిచిపోయింది, ఇంజను నడుస్తూనే ఉంది. సీటుకు తల ఆనించి, ఊపిరి అందుకోవడానికి చూస్తూ, ఫోన్ వంక తిరిగాడు. బండి నిలబడింది కదా, నౌషీన్ చూస్తుంది, ఇంకాసేపట్లో చేస్తుంది అనుకున్నాడు. ఆమె మధ్యాహ్నమే ఆ కుర్చీ వదిలి వెళ్లిపోయి ఉంటుందన్న సంగతి ఆ క్షణంలో గుర్తు రాలేదు.

క్యాబిన్లో ఒక ఆడగొంతు పలికింది. వార్తలు చదివినట్టు, తప్పుల్లేని తెలుగు.

"యంత్రం పని చేయడం లేదు. ఇంజను ఆపివేయబడుతుంది."

"ఒక రవ్వ నిలబడు మా," అన్నాడు జ్ఞానప్రకాశం.

ఇంజను ఆగింది. దానితోపాటే ఏసీ ఆగింది. ఫోన్ చేతికందే దూరంలోనే ఉంది. ఆఫీసు నంబరు నొక్కితే ఇప్పుడెవరెత్తుతారో తెలియదు. ఇంకెవరికి చేయాలా అని ఆలోచించాడు. తట్టిన పేర్లన్నీ ఇక్కడ లేనివాళ్లవే. ఆ పేర్ల మధ్యే ఎక్కడో అతని ఆలోచన ఆగిపోయింది.

నంద్యాలలో కంప్యూటరు మీద అతని చుక్క పసుపు రంగుకు మారేలోపే బూడిద రంగుకు మారింది. బూడిద రంగంటే ఆనాటి పని ముగిసిందని అర్థం. డీజిలు వృథా కాలేదు కాబట్టి ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు.

సాయంత్రం నౌషీన్ ఇంటినుంచి రెండుసార్లు ఫోన్ చేసింది. తెలియని నంబరని ఎత్తలేదేమో, రేపు మళ్లీ చేసి నేనేనని చెబుదామనుకుంది.

పొద్దున పక్కచేనికి వచ్చిన మద్దిలేటి అనే రైతు బండిని చూసి ఆగాడు. బకెట్ గాల్లో ఉంది. ఏ ఆపరేటరైనా బకెట్‌ను నేలకు ఆనించే బండి దిగుతాడు. రెండుసార్లు కేకేసి, చైను మీదికెక్కి, నల్లటి అద్దానికి అరచేతులు అడ్డం పెట్టుకుని లోపలికి చూశాడు. నెల రోజులుగా తన చేని పక్కనే పనిచేస్తున్న మనిషి ముఖం అతను చూడటం అదే మొదలు.

పోలీసులొచ్చారు, అంబులెన్సు వచ్చింది. పాణ్యం నుంచి దూరపు చుట్టాలు వచ్చి తీసుకెళ్లి సారమ్మ పక్కనే పూడ్చారు. కబురు నౌషీన్‌కు ఆలస్యంగా, ఎవరి ద్వారానో తెలిసింది. తన ఫోన్లో ఎక్కించుకున్న ఆ నంబరును ఆమె తీసేయలేకపోయింది.

తర్వాత ఇంకో ఆపరేటరు వచ్చి బండిని నడిపాడు. గాల్లో వేలాడుతున్న బకెట్‌లో తడిమట్టి ఎండకు గట్టిపడిపోయింది, ఎంత విదిలించినా రాలలేదు. చివరికి గట్టున ఆనించి గట్టిగా కుదిపితే, పగుళ్లు బారి, బకెట్ ఆకారంలోనే ఒక్క ముద్దగా ఊడి పడి, తొలకరి వానలదాకా ఆ గట్టు మీద అట్లాగే ఉండిపోయింది.