అడ్డుపెట్టిన అరచెయ్యి

ఆ వీధిలో ఆమెను అందరూ దువ్వెనక్క అనేవాళ్ళు. ముందుగదిలో రెండు కుర్చీలు, గోడంత అద్దం, సాయానికి సొంత చెల్లెలు. అదే ఆమె పార్లర్. ఆమె నోరు చేతిలోని కత్తెరకేమీ తీసిపోదు. "ఉన్నవి నాలుగు వెంట్రుకలు, వాటికి నలభై పిన్నులా?" అని మొహం మీదే అన్నా ఎవరికీ కోపం వచ్చేది కాదు. అలాంటి మనిషి నెల రోజులుగా ముభావంగా ఉంటోంది.

కారణం మరిది, చెల్లెలి మొగుడు. మొగుడి చేతిలో దెబ్బలు తిని తిని, ఆర్నెల్ల కిందట చెల్లెలు కట్టుబట్టలతో అక్క దగ్గరికి వచ్చేసింది. ఇక అక్క ఇంటి గడప తొక్కనని అతను పోలీస్ స్టేషన్లో కాగితం రాసిచ్చాడు. కొన్నాళ్ళు కనబడలేదు కూడా. ఇప్పుడు రోజూ మధ్యాహ్నం ఎదురుగా బస్టాపులో వచ్చి కూర్చుంటున్నాడు. బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి, అతను మాత్రం ఏదీ ఎక్కడు.

"కేకలేసినా బాగుండు," అంది చెల్లెలు. "నెమ్మదిగా ఉన్నాడంటేనే నాకు భయమక్కా. నన్ను తీసుకుపోతాడు."

"నేను బతికుండగానా?" అంది అక్క.

పోలీసులకి చెబితే, బస్టాపులో కూర్చోవడం నేరం కాదన్నారు. అప్పుడు గుర్తొచ్చింది ఆమెకి, ఎప్పుడో ఫోన్లో చూసిన వీడియో. హెయిర్ స్ప్రేకి నిప్పు అంటిస్తే దొంగ పారిపోయాడట. ఇద్దరూ పెరట్లో ఒకసారి చేసి చూశారు. అక్క డబ్బా నొక్కింది, చెల్లెలు లైటర్ వెలిగించింది. మంట బుస్సుమని సాగి గోడకి మసి పట్టించింది. చాలా రోజుల తర్వాత ఇద్దరూ పడీ పడీ నవ్వుకున్నారు.

జుట్టు కత్తిరించుకోవడానికి వచ్చిన నర్సమ్మ, అద్దం ముందు డబ్బానీ లైటర్‌నీ చూసి కనుబొమలు ముడిచింది.

"ఈ రెండూ పక్కపక్కనేంటి?"

"ఇరుగూ పొరుగూ కదా, కలిసుండనీ," అంది దువ్వెనక్క.

నర్సమ్మ నవ్వలేదు. "కాలినవాళ్ళ వార్డులో పనిచేస్తున్నానమ్మా. ఎదుటివాడి కోసం పెట్టిన మంట తమ మొహానికే తగిలినవాళ్ళకి ఈ చేతుల్తో కట్లు కట్టాను. నిప్పుకి నువ్వెవరో, వాడెవరో తెలీదు. తలుపు గడియ పెట్టుకో. నలుగుర్నీ పిలువు. అంతేగానీ ఇది వద్దు."

చెబితే వినే ఘటం కాదు దువ్వెనక్క. ఆవిడ వెళ్ళాక లైటర్‌ని అక్కణ్ణించి తీసింది. తీసి చెల్లెలి ఏప్రన్ జేబులో వేసింది.

గురువారం పొద్దుట్నుంచీ ఊపిరాడనంత పని. వరసగా ఆరు తలలు ముడివేసి, స్ప్రే కొట్టి పంపారు. ఆ పనిలో వాళ్ళకో పద్ధతి ఉంది. అక్క డబ్బా ఎత్తగానే, మందు కళ్ళల్లో పడకుండా చెల్లెలు మనిషి మొహానికి ఎడమ అరచెయ్యి అడ్డం పెడుతుంది. పెళ్ళికి ముందు నుంచీ అంతే, ఒకరికొకరు చెప్పుకునే పనే లేదు.

భోజనాల వేళ దాటాక చెల్లెలు కిటికీలోంచి చూసింది. బస్టాపు ఖాళీగా ఉంది. అక్క గడియ పెట్టేలోపే తలుపు తోసుకుని అతను లోపలికి వచ్చాడు.

"వదినా, రెండు నిమిషాలు," అన్నాడు. చేతులు ఖాళీగానే ఉన్నాయి. తలుపు మూశాడు. వచ్చి కుర్చీలో కూర్చుని, అద్దంలోంచి పెళ్ళాం వంక చూశాడు. "నా జుట్టూ కాస్త సర్దు. తర్వాత ఇంటికి పోదాం."

"లే. బయటికి నడు," అంది దువ్వెనక్క.

అతను కదల్లేదు. ఆమె డబ్బా ఎత్తింది. చెల్లెలు కుడిచేత్తో లైటర్ తీసింది. అక్క నొక్కింది, చెల్లెలు వెలిగించింది. ఆ క్షణంలోనే చెల్లెలి ఎడమచెయ్యి, రోజుకి ఇరవైసార్లు లేచినట్టే లేచి, అతని కళ్ళకి అడ్డం నిలబడింది.

మంట అతని దాకా పోలేదు. ఆ అరచేతికి కొట్టుకుని వెనక్కి తిరిగింది. పొద్దుట్నుంచీ స్ప్రే పడి బిరుసెక్కిన చెల్లెలి జాకెట్టు చెయ్యి, ముందుకు జారిన జుట్టు ఒక్కసారిగా అంటుకున్నాయి. అక్క వేలు మాత్రం ఇంకా డబ్బా మీదే ఉంది. ఎందుకు తియ్యలేదో ఆమెకి ఇప్పటికీ తెలీదు. తువ్వాళ్ళు కప్పి మంట ఆర్పింది అతనే. అంబులెన్సుకి ఫోన్ చేసిందీ అతనే.

ఆసుపత్రిలో "మీరేమవుతారు?" అని అడిగితే, "భర్తని" అని సంతకం పెట్టి మంచం పక్కన కూర్చున్నాడు. బయట వరండాలో దువ్వెనక్కని ఇన్‌స్పెక్టర్ అడుగుతున్నాడు.

"అతను కొట్టాడా?"

"లేదు."

"చేతిలో ఏమైనా ఉందా?"

"లేదు. కానీ అతనెలాంటివాడో మీకు..."

"మరి నిప్పు పెట్టిందెవరు?"

ఆమె డబ్బా నొక్కిన తన వేలి వంక చూసుకుంది. చేసిందంతా నేనే అని గుండె బాదుకోవాలనిపించింది.

తెరిచి ఉన్న తలుపులోంచి చెల్లెలు కనబడుతోంది. రెండు కళ్ళకీ కట్లు. బాగున్న కుడిచేత్తో గాల్లో తడుముతూ, "అక్కా," అని పిలిచింది.

ఆ చేతిని అతను మెల్లగా అందుకున్నాడు. "నేనున్నాగా," అన్నాడు.

ఆ గొంతు వినగానే చెల్లెలు పిలవడం మానేసింది.