ఉమ్మికి తెగని గొలుసు

పక్షవాతం వచ్చి తగ్గాక అత్తగారికి నడక తిరిగొచ్చింది, మాట తిరిగొచ్చింది. మింగడం మాత్రం కుదరలేదు. పల్చటి నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతున్నాయని, పిండిపొడి కలిపి చిక్కగా ఇవ్వమని డాక్టరమ్మ చెప్పింది. కోడలు అలాగే ఇచ్చేది. మొదటి గుక్కలు బాగానే దిగేవి. గ్లాసు అడుగుకొచ్చేసరికి దగ్గు ముంచుకొచ్చి ఆవిడ ఉక్కిరిబిక్కిరయ్యేది.

"కంగారుగా తాగుతోంది, అంతే," అన్నాడు కొడుకు.

"నాకేం రైలు తప్పిపోతోందిరా కంగారుపడటానికి?" అని ఆవిడ సగం గ్లాసు పక్కకు తోసేసింది. ఇక నీళ్లే వద్దంది.

కోడలు గింజల జిగుర్లు పరీక్షించే ల్యాబులో కెమిస్టు. గ్లాసు కడగబోతూ చెంచాతో తిప్పి చూసింది. ఉత్త నీళ్లలా ఉంది. దానితోపాటే కలిపి పక్కన పెట్టిన రెండో గ్లాసు మాత్రం చిక్కగానే ఉంది. తేడా ఒక్కటే, దానికి ఎవరూ నోరు పెట్టలేదు.

పిండి అంటే గ్లూకోజు పూసల గొలుసు. ఉమ్మి ఆ ముడుల్ని తెంచేస్తుంది. గోరుచిక్కుడు గింజలో ఉండేదీ చక్కెరల గొలుసే కానీ పూసలు వేరు, ముడిపడే తీరు వేరు, పక్కలకు పొట్టి కొమ్మలు కూడా ఉంటాయి. ఆ ముడి ఉమ్మికి తెగదు. పిండికి బదులు ఆ గింజల జిగురు పొడి కలపొచ్చా అని కోడలు డాక్టరమ్మని అడిగింది.

"తినడానికి పనికొచ్చే పొడే వాడండి. నేను చూడకుండా ఆవిడకి ఇవ్వొద్దు," అంది డాక్టరమ్మ.

మొదటిసారి పొడంతా ఉండలు కట్టింది. అత్తగారు గిన్నెలోకి తొంగిచూసింది.

"దీంతో గోడలకి కాగితాలు అంటించుకోవచ్చు. నీ చదువంతా నా గొంతు మీదేనా?"

"మీదాకా రానిస్తేగా అత్తయ్యా. ముందు నా గొంతులో దిగాలి."

రోజూ ల్యాబు నుంచి రాగానే వంటింట్లో దూరేది. పొడి జల్లించి, నీళ్లు గిర్రున తిరుగుతుండగా కొంచెం కొంచెంగా చల్లింది. ఉండలు పోయాయి కానీ పాకం తీగలు సాగింది. పొడి తగ్గించింది. ఈసారి మరీ పల్చన. విసుక్కున్న మొగుడి చేతిలో కవ్వం పెట్టి తిప్పమంది. చివరికి చెంచా నుంచి తేనెలా జారే పాకం కుదిరింది.

డాక్టరమ్మ గదిలో అత్తగారు ఒక్కో గుక్కా మింగింది. డాక్టరమ్మ ఆవిడ గొంతు మీద వేళ్లుంచి గమనించింది. కోడలు గ్లాసు వంకే చూస్తూ నిలబడింది. గ్లాసు ఖాళీ అయింది. దగ్గు రాలేదు.

"ఇంకో గ్లాసు తాగుతారా?" అంది డాక్టరమ్మ.

"నీళ్లు చాలమ్మా. కాఫీలో కలిపిమ్మనండి."

"వేడికి ఎలా ఉంటుందో చూడాలి అత్తయ్యా," అంది కోడలు, కళ్లు తుడుచుకుంటూ.

"చూడు మరి. నేనెక్కడికి పోతాను?"