మిల్లు గంట, రెండో అచ్చు

మధ్యాహ్న భోజనాల వేళ బడి వంటగదిలో ఫోను మోగితే మెర్లీన్ ఫేసీ ఎత్తదు. మూడువందల మంది పిల్లలు పళ్ళాలు పట్టుకుని వరసలో నిలబడి ఉంటే ప్రధానమంత్రి పిలిచినా ఆగాల్సిందే. కానీ ఆ మంగళవారం ఫోను ఆగి ఆగి అయిదుసార్లు మోగింది. అక్క కూతురికి నెలలు నిండాయి, ఆ కబురేమోనని చేతులు ఏప్రన్‌కి తుడుచుకుని ఎత్తింది.

"మిస్ మెర్లీన్ గారేనా? 'మిల్లు గంట' పాడింది మీరేనా?"

మెర్లీన్ చేతిలోని గరిటె కింద పెట్టేసింది. ఆ పాట పేరు ఇంకొకరి నోట విని నలభై ఏళ్ళు దాటింది.

"ఎవరు నువ్వు?"

"నా పేరు కెజయా, ఆంటీ. బ్రిస్టల్ నుంచి. మన జమైకావాళ్ళ పాత రెగే పాటల రికార్డులు వెతికి మళ్ళీ అచ్చు వేయిస్తుంటాను. మీ కోసం మూడేళ్ళ నుంచి ఊరూరూ గాలిస్తున్నాను. టోక్యోలో రికార్డులు పోగేసేవాళ్ళు మిమ్మల్ని ఏమంటారో తెలుసా? 'పేరు లేని పిల్ల' అంటారు!"

"పిల్లకి అరవై ఒకటి నిండాయని చెప్పు వాళ్ళకి. సాయంత్రం చెయ్యమ్మా, ఇక్కడ బఠాణీలు అడుగంటుతున్నాయి."

గట్టిగానే అంది కానీ ఆ పూట ఆమె చేతులు ఆమె మాట వినలేదు. ఒక పిల్లాడి పళ్ళెంలో మాంసం కూర మీద తియ్యటి కస్టర్డ్ పోసింది. వాడు కిమ్మనకుండా తినేసి మళ్ళీ కావాలని వచ్చాడు.

మెర్లీన్‌కి పదిహేడేళ్ళప్పుడు ఇంగ్లండులోని ఈ హడర్స్‌ఫీల్డ్‌లో వీధికో సౌండ్, అంటే రికార్డులు మోగించే జమైకావాళ్ళ జట్టు, ఉండేది. మనిషి కంటే ఎత్తైన స్పీకరు పెట్టెలు, వాటికి సొంతంగా చేసుకున్న యాంప్లిఫయర్లు, మోయడానికి పదిమంది. ఆ పదిమంది ముందు నడిచే పెద్దమనిషిని సౌండ్‌మ్యాన్ అనేవారు. వాళ్ళలో లస్సెల్స్ పినాక్‌ది అందరికంటే బరువైన సౌండ్. అతనే బేస్ గిటారు కూడా వాయించేవాడు. ఉన్నిమిల్లులో పనిచేసే తల్లి ఐసిల్డా గురించి మెర్లీన్ ఒక పాట కట్టుకుంది. మాటలూ ఆమెవే, వరసా ఆమెదే. లస్సెల్స్ బృందం ఆ పాటని ఒక్క పూటలో రికార్డు చేసింది. మూడువందల ప్రతులు వచ్చాయి. ఆమె ఒక ప్రతిని ఆత్రంగా చేతిలోకి తీసుకుని నడిమధ్య గుండ్రటి కాగితం మీద చూసింది. 'లస్సెల్స్ పినాక్, బృందం' అని ఉంది. అంతే. తిప్పి చూసింది. అటువైపూ అంతే.

రికార్డుని బల్ల మీద పెట్టి బయటికి నడిచింది. మళ్ళీ పాడలేదు. అప్పటినుంచి ఇద్దరూ అదే ఊళ్ళో, ఎనిమిది వీధుల ఎడంలో బతుకుతున్నారు. సోమవారం సంతలో ఎదురుపడితే గుడ్ మార్నింగ్ అనుకుంటారు. అంతకుమించి ఒక్క మాట లేదు.

శుక్రవారం సాయంత్రం కెజయా ఎర్ర వ్యానేసుకుని దిగింది. ముప్పయ్యయిదేళ్ళ మనిషి, పొడుగు జడలు, మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకోదు. వ్యాను వెనక దుప్పట్లలో చుట్టిన పెద్ద టేపు మిషను.

"ఆంటీ, అసలు టేపు దొరికింది! బ్రదర్ లస్సెల్స్ ఇంట్లో, నేలమాళిగలో, బిస్కెట్ల డబ్బాలో ఉంది. నా చేత్తో పట్టుకుని చూశాను."

"అయితే నాతో పనేముంది? ఆయన పేరే కదా దాని మీద ఉంది."

"మీరు లేకుండా నేను అచ్చు వెయ్యను. మీ పేరు చెప్పింది ఆయనే, కానీ ఆయన కూడా మీరు రానిదే టేపు ఇవ్వనన్నాడు. పైగా చిక్కొకటి వచ్చిపడింది."

చిక్కేమిటంటే, టేపు జిగట పట్టింది. ఆ కాలపు టేపులకి అదొక జబ్బు. తేమ పీల్చి, మిషను మీద తిప్పితే పైపూత ఊడి వచ్చేస్తుంది, దాంతో పాటా పోతుంది. సన్నటి సెగ మీద ఎనిమిది గంటలు ఎండబెడితే కొన్నాళ్ళపాటు గట్టిపడుతుంది. ఆ పని చేసే లండన్ స్టూడియోలో మూడు వారాల వరకూ ఖాళీ లేదు. పాట సోమవారానికి అందకపోతే రికార్డులు అచ్చువేసే ఫ్యాక్టరీలో వీళ్ళ వంతు పోతుంది. మళ్ళీ వంతు నవంబరులోనే.

"ఎంత సెగ కావాలి?" అంది మెర్లీన్.

"యాభై నాలుగు డిగ్రీలు. అటూ ఇటూ కాకూడదు."

మెర్లీన్ వంటింట్లోకి వెళ్ళి గుండ్రటి తెల్లటి మిషను ఎత్తుకొచ్చింది. మామిడి ముక్కలు, అనాస ముక్కలు ఎండబెట్టుకునేది. మీట పక్కన అంకెలున్నాయి. కెజయా దాన్ని చూసి, ఆమెని చూసి, ఉన్నచోటే ఎగిరింది.

"ఆంటీ! స్టూడియోల్లో కూడా చాలామంది ఇదే వాడతారు!"

శనివారం ఉదయం ఏడింటికి లస్సెల్స్ వచ్చాడు. అరవై ఎనిమిదేళ్ళు. పెద్ద మనిషి, ఇప్పుడు కాస్త వంగాడు. ఉన్ని టోపీ కింద జడలు తెల్లబడ్డాయి. బిస్కెట్ల డబ్బాని చంటిబిడ్డలా రెండు చేతుల్లో పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయాడు.

"గుడ్ మార్నింగ్, మెర్లీన్."

"గుడ్ మార్నింగ్. చెప్పులు బయట విడువు, నేల తుడిచాను."

మిషను చూసి అతని మొహం మారింది. "నా టేపుని మామిడి ముక్కల్లా ఎండబెడతావా?"

"నీ టేపా?" అంది మెర్లీన్. పళ్ళ సందునుంచి చప్పుడొచ్చేలా గాలి పీల్చింది. ఆ చప్పుడు విన్న జమైకా మగాడెవడూ ఇంకో మాట మాట్లాడడు. లస్సెల్స్ డబ్బా మూత తీశాడు.

టేపు చుట్ట పట్టేలా పళ్ళేల నడిమి జల్లెడని ఆమే రంపంతో కోసింది. మాంసం ఉడికిందో లేదో చూసే వంటగది థర్మామీటరు లోపల పెట్టింది. ఇరవై నిమిషాలకి అంకె యాభై నాలుగు దగ్గర నిలిచింది. లస్సెల్స్ చుట్టని లోపల పెట్టాడు. చుట్టని గంటకోసారి తిరగేయాలి. కెజయా తన టేపు మిషనుని శుభ్రం చేసుకోవడానికి వ్యానులోకి వెళ్ళిపోయింది.

మెర్లీన్ శనివారం సూప్ పొయ్యి మీద పెట్టింది. గుమ్మడికాయ, యామ్ దుంప, కోడిమాంసం, పిండి ఉండలు. అతను కూర్చుని ఉండలు చేసిపెట్టాడు. మూడు తిరగేతలు మాటల్లేకుండానే అయ్యాయి. నాలుగోసారి మూత పెడుతూ ఆమె వెనక్కి తిరక్కుండానే అడిగింది.

"నా పేరెందుకు వెయ్యలేదు?"

అతను చేతులకి అంటిన పిండి దులుపుకున్నాడు.

"మీ అమ్మ వచ్చింది. రికార్డు అచ్చుకి వెళ్ళే ముందురోజు. చర్చికి పెట్టుకునే టోపీ పెట్టుకుని, చంకలో బైబిలు పెట్టుకుని నా మాళిగలోకి దిగింది. 'ఆ దయ్యాల సంగీతం మీద నా బిడ్డ పేరు కనిపిస్తే నేను చర్చిలో తలెత్తుకోలేను, పేరు తీసెయ్, నేను వచ్చానని దానికి చెప్పకు' అంది. బైబిలు మీద చెయ్యి పెట్టించుకుంది."

సూప్ కలుపుతున్న మెర్లీన్ గరిటె ఆగిపోయింది. "అమ్మ పోయి తొమ్మిదేళ్ళయింది."

"అవును."

"మరి ఈ తొమ్మిదేళ్ళు?"

"ఈ తొమ్మిదేళ్ళు సిగ్గు." అతను ఉన్ని టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "తప్పంతా మీ అమ్మ మీదికి తొయ్యను మెర్లీన్. నాకూ అది బాగానే ఉండింది. కాగితం మీద ఒక్క పేరే ఉంటే ఆ పేరు పెద్దగా కనపడుతుంది కదా. కుర్రతనం. ఆ పొగరు నాదే."

ఆమెకి కోపం రావాల్సింది. వచ్చింది కూడా. కానీ ఆ టోపీ కళ్ళముందు మెదిలింది. ఊదారంగుది, పక్కన ఈక. అది పెట్టుకుని అమ్మ ఆ ఇరుకు మెట్లు పక్కకి తిరిగి దిగుతూ, స్పీకరు పెట్టెల మధ్య నిలబడి దేవుడి పేరుతో ఈ పర్వతంలాంటి మనిషిని బెదిరించి ఉంటుంది. మెర్లీన్‌కి నవ్వు ముంచుకొచ్చింది. ఆపుకోబోయి ఆపుకోలేక పొయ్యి గట్టు పట్టుకుని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది. లస్సెల్స్ బిక్కమొహం వేసుకుని చూశాడు.

"భయపడ్డావా మా అమ్మకి?"

"ఊళ్ళో పోలీసులకి భయపడలేదు. మీ అమ్మకి భయపడ్డా."

"మంచి పని చేశావ్. నేనూ భయపడేదాన్నే. ఇలా ఇవ్వు, ఆ ఉండలు మరీ లావుగా చేశావు."

ఆ తర్వాత నాలుగు తిరగేతలు ఎప్పుడయ్యాయో ఇద్దరికీ తెలియలేదు. ఎవరు పోయారు, ఎవరి మోకాళ్ళు పోయాయి, ఎవరి సౌండ్ ఎవరు ముక్కలుగా అమ్ముకున్నారు, అన్నీ దొర్లాయి. సూప్ తాగడానికి వచ్చిన కెజయాకి మధ్యలో మాట పెట్టే సందు దొరకలేదు.

టేపుని చల్లారనిచ్చి, ఆదివారం పదింటికి ముందుగదిలో మిషనెక్కించారు. కెజయా చేతులకి తెల్ల గ్లౌజులు వేసుకుంది. "ఒక్కసారి సరిగ్గా వస్తే చాలు. రెండోసారికి నేను హామీ ఇవ్వలేను. ఎవరూ దగ్గకండి," అంది. మీట నొక్కింది.

ముందు గాలి చప్పుడు. ఎవరో స్టూలు జరిపారు. డ్రమ్ము మీద ఒక దెబ్బ. వెంటనే బేస్ దిగింది. అల్మారాలో కప్పులు గలగలమన్నాయి. దాని మీద, గాజులా, బెరుకు తెలియని గొంతు.

"గంట కొడితే లేస్తుంది మా అమ్మ, గంట కొడితే తింటుంది మా అమ్మ, ఎవరి గంటమ్మా అది, ఎవరి గంట?"

మెర్లీన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇంత బాగా పాడేదాన్నా అనుకుంది. గర్వంగా కాదు, దొంగతనం జరిగిన ఇంట్లో పోయిన వస్తువు దొరికినట్టు అనిపించింది.

రెండో చరణం చివర మిషనులోంచి కీచుమని ఒక సన్నటి చప్పుడు వచ్చింది. కెజయా చెయ్యి మీట మీదికి ఎగిరింది. కీచు ఇంకోసారి వచ్చింది, సన్నబడింది, ఆగిపోయింది. పాట మాత్రం ఆగలేదు. ఆగాల్సిన చోట కూడా ఆగలేదు!

"ఇదేంటి?" అంది కెజయా గుసగుసగా. "రికార్డులో ఇక్కడితో అయిపోతుంది కదా!"

"మూడో చరణం," అన్నాడు లస్సెల్స్. "చిన్న రికార్డులో పట్టలేదు. నేనే కోసేశాను. మర్చేపోయాను."

"గంట తాడు ఎక్కడుందో చూపించమ్మా," అంటోంది పదిహేడేళ్ళ మెర్లీన్, "రేపు పొద్దున నేను కొడతా, నువ్వు పడుకో."

దాని వెంటే డబ్ వచ్చింది. అదే పాట, కానీ అందులోంచి గొంతునీ గిటార్నీ తీసేసి డ్రమ్మునీ బేస్‌నీ మాత్రం నిలబెట్టాడు అప్పటి లస్సెల్స్. ఎప్పుడో ఒకసారి మెర్లీన్ గొంతులోంచి ఒక ముక్క తెంచి గాల్లోకి విసిరాడు. 'ఎవరి గంట' అన్న మాట గది ఈ గోడకి తగిలి, ఆ గోడకి తగిలి, కొండలు దాటి వెళ్ళిపోతున్నట్టు చిన్నదవుతూ పోయింది. కెజయా గ్లౌజు చేతులు రెండూ తలమీద పెట్టుకుని గదంతా తిరిగింది. టేపు చివరంచు చుట్టలోంచి జారి టపటప కొట్టుకుంటుండగా ముగ్గురూ ఒకేసారి అరిచారు. పక్కింటి పంజాబీ ముసలాయన గోడ మీద గుద్ది, "ఇంకోసారి పెట్టండి!" అన్నాడు.

"పెద్ద రికార్డు వేద్దాం," అంది కెజయా. "మూడు చరణాలూ ఉంచుదాం. డబ్ రెండో వైపు. పేర్లు ఎలా వెయ్యమంటారు?"

లస్సెల్స్ ముందే నోరు తెరిచాడు. "పాడింది మెర్లీన్ ఫేసీ. రాసింది మెర్లీన్ ఫేసీ. పెద్దక్షరాల్లో. నాది కింద, చిన్నగా."

"మా అమ్మ పేరు కూడా వెయ్యి," అంది మెర్లీన్. "ఐసిల్డా ఫేసీ కోసం అని. పాట ఆమెది."

"ఆవిడకి నచ్చదేమో," అన్నాడు లస్సెల్స్, నిజంగానే కాస్త జంకుతూ.

"నచ్చకపోతే వచ్చి చెప్పమను. మాట్లాడి చాలా రోజులైంది."

జూన్‌లో నమూనా ప్రతి వచ్చింది. లస్సెల్స్ తన సౌండ్‌ని పదకొండేళ్ళ తర్వాత బయటికి తీశాడు. ఫార్‌టౌన్‌లోని హాల్లో ఆదివారం మధ్యాహ్నం రెండింటికి అన్నారు. ఒంటిగంటకే నిండిపోయింది. డొమినో ఆడే ముసలాళ్ళు, చర్చినుంచి సరాసరి వచ్చిన ఆడవాళ్ళు, లీడ్స్ నుంచి, షెఫీల్డ్ నుంచి వచ్చినవాళ్ళు. అక్క కూతురు నెలన్నర పసివాణ్ణి ఎత్తుకుని, చప్పుడు వినపడకుండా వాడి చెవులకి మఫ్‌లు తగిలించి, తలుపు దగ్గరే నిలబడింది. బడి వంటగదిలో మెర్లీన్‌తో పనిచేసే మావిస్ మాంసం ప్యాటీలు అమ్ముతూ, "ఇరవై రెండేళ్ళు నా పక్కన ఉల్లిపాయలు తరిగింది, ఒక్క ముక్క చెప్పలేదు చూడు!" అని కొనేవాళ్ళందరితో అంటోంది.

లస్సెల్స్ రికార్డు పళ్ళెం మీద పెట్టి మైకు తీసుకున్నాడు. "ఈ పాట పాడిన మనిషి పేరు నలభై నాలుగేళ్ళు నేను దాచాను. ఇవాళ చెబుతున్నాను. మెర్లీన్ ఫేసీ!" అని సూది దించాడు.

బేస్ మొదటి దెబ్బకి నేల కదిలింది. ఆమె గొంతు హాలు మీదికి లేవగానే వెనకనుంచి ఎవరో గోడని దబదబ బాదారు. తర్వాత అందరూ బాదారు. పాట నచ్చితే సౌండ్ దగ్గర చప్పట్లు కొట్టరు, మళ్ళీ మొదటినుంచి వెయ్యమని గోడలు బాదుతారు. లస్సెల్స్ సూది ఎత్తి మళ్ళీ మొదటికి పెట్టాడు. మళ్ళీ బాదారు. మళ్ళీ పెట్టాడు. నాలుగోసారి పెట్టేసరికి మెర్లీన్ జనాన్ని తోసుకుని మైకు దగ్గరికి వచ్చింది. "ఒరే, మూడో చరణం దాకా రానివ్వండర్రా!" అని కసిరింది. హాలు నవ్వుతో ఊగింది. ఆమె మైకు వదల్లేదు. రికార్డులోని పిల్లతో కలిసి పాడింది. గొంతు ఇప్పుడు మందం, కింది స్థాయిలో, కొన్నిచోట్ల బరక. అయినా రెండు గొంతులూ మెట్టు మెట్టుకీ కలిశాయి.

ఆ మధ్యాహ్నం ఆ పాట నాలుగుసార్లు మొదలైంది. చివరిదాకా వెళ్ళింది మాత్రం ఒక్కసారే.