గంజి పెట్టిన చీర

ఐదు గంటలకు పత్తి మిల్లు సైరన్ కూసిందంటే యాకమ్మ కాళ్లు నేలమీద నిలవవు. తలలో, కనుబొమ్మల్లో, జాకెట్టు కుట్లలో కూడా దూది పోగులే. వాటిని దులుపుకోవడానికైనా ఆగకుండా మిల్లు వెనక సందులోని మహబూబ్‌బీ ఇంటికి పరుగు పెడుతుంది. పొద్దుటి నుంచి చూడని కొడుకును ఎత్తుకోవాలని ఆమె ఆత్రం. ఆ కొడుకేమో తల్లిని చూడగానే పోయి మహబూబ్‌బీ కొంగు చాటున దాక్కుంటాడు.

"అమ్మ వచ్చింది పోరా," అని మహబూబ్‌బీ ముందుకు తోస్తుంది.

వాడు ఆమె కాళ్లు పట్టుకుని, "అమ్మీ," అంటాడు.

అది మహబూబ్‌బీని ఆమె కూతురు తాహెరా పిలిచే పిలుపు. తాహెరా పెళ్లయి ఖిలా వరంగల్‌లో ఉంటుంది. వచ్చినప్పుడల్లా గడపలోనే "అమ్మీ" అని కేక వేస్తుంది. ఆ కేక విని వీడు నేర్చుకున్నాడు. నేర్చుకోక నేర్చుకోక ఆ మాటే నేర్చుకోవాలా అని యాకమ్మకు కడుపు రగిలిపోయేది.

ఆమెకు ముందు పుట్టిన ఇద్దరు పురిట్లోనే పోయారు. మూడోవాడైనా మొండికేసి బతకాలని మొండయ్య అని పేరు పెట్టుకుంది. ముక్కు కుట్టించింది. పక్క ఊరి జాతరలో వాడి ఎత్తు బెల్లం తూచి మొక్కు తీర్చింది. అంత చేసి దక్కించుకున్నవాడు మొదటి అడుగు వేసింది మహబూబ్‌బీ వాకిట్లో. ఆ సంగతి యాకమ్మకు సాయంత్రం తెలిసింది. "ఇయ్యాల నాలుగడుగులేసిండు బిడ్డా!" అని మహబూబ్‌బీ సంబరంగా చెబుతుంటే, దొంగతనం చేసినదే వచ్చి సొమ్ము ఇంత ఉందని చెప్పినట్టనిపించింది.

పోనీ మాన్పిద్దామా అంటే మరో దారి లేదు. దసరా వెళ్లాక సీజను మొదలైన కొత్తలో మిల్లు గేటు పక్కన గోనె పరిచి పిల్లవాణ్ని పడుకోబెట్టింది. మూడో రోజే వాచ్‌మన్ తరిమాడు. మొగుడు రాయమల్లు బీటు బజారులో బస్తాలు మోస్తాడు, వాడి దగ్గర ఉంచేది లేదు. మహబూబ్‌బీ విధవరాలు, ఇల్లు సొంతం, చేతులు ఖాళీ. మిల్లు ఆడవాళ్లు ఆమెను బీబమ్మ అంటారు. వాళ్ల పిల్లలు నలుగురు పగలంతా ఆమె దగ్గరే ఉంటారు. ఇద్దరు కాస్త పెద్దవాళ్లు. దూలానికి చీరతో కట్టిన తొట్టెలలో పడుకునేది మొండయ్య, యాకమ్మ పక్కన పత్తి ఏరే రాజక్క కూతురు చిలుకమ్మ.

అన్నిటికన్నా యాకమ్మను కాల్చింది నిద్ర. ఆదివారం మిల్లు ఉండదు. తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని, కొడుకును కాళ్లమీద వేసుకుని గంటసేపు జోకొట్టినా వాడు కన్ను వాల్చడు. మహబూబ్‌బీ ఏమో, "తొట్టెలల ఏసుడే ఆలిశెం, పండుకుంటడు. బంగారమసొంటోడు," అంటుంది. మెచ్చుకోలుగానే అంటుంది. అది యాకమ్మకు కంట్లో కారం.

రాజక్క ఊరుకునే మనిషి కాదు. "నువ్వు కన్నవు, బీబమ్మ పెంచుతాంది. పెద్దగైనంక జీతం తెచ్చి ఎవల చేతుల పెడుతడో సూడాలె," అని మిల్లులో అందరూ వినేట్టు నవ్వింది.

"నీ బిడ్డ గూడ ఆడనే ఉంటది గద!"

"నా బిడ్డ ఎవల దగ్గరున్నా ఏడుస్తది. నాకేం ఫికరు లేదు."

పుష్యమాసం చలిలో మహబూబ్‌బీకి సర్కారు ఆఫీసు నుంచి చీటీ వచ్చింది. పనివాళ్ల పిల్లలను ఇంట్లో చూసుకునేవాళ్లకు ఇకమీదట లైసెన్సు ఉండాలట. శుక్రవారం ఇన్‌స్పెక్టరమ్మ వచ్చి ఇల్లు, నీళ్లు, వంట, పిల్లల పడక చూస్తుందట. కాగితం ఇస్తే పాలపొడి, గోధుమరవ్వ కూడా వస్తాయి. ఇవ్వకపోతే ఇల్లు మూసుకోవాల్సిందే. తల్లుల్లో ఇద్దరు ఆ రోజు హాజరై మాట చెప్పాలి.

"రాజక్క ఎట్లైనా వస్తది. నువ్వు గూడ రావాలె యాకమ్మా," అని చెయ్యి పట్టుకుంది మహబూబ్‌బీ. ఆమె వేళ్లు చల్లగా ఉన్నాయి. "నీ మాట సూటిగుంటది. నాకు కాళ్లు చేతులు ఆడుత లేవు. పిల్లలు లేకపోతే ఈ ఇంట్ల నేను గోడలతోని మాట్లాడుకోవాలె."

యాకమ్మ సరేనంది. ఇంటికి పోతూ ఒక మాట అనుకుంది, అనుకున్నందుకు తనకే భయమేసింది. తాను శుక్రవారం ఒక్క ముక్క తక్కువ చెబితే చాలు, ఈ అమ్మీ పీడ వదులుతుంది. తన మిల్లు పని పోతే పోతుంది. కొడుకు తనకు దొరుకుతాడు.

గురువారం సాయంత్రం ఇల్లు శుభ్రం చేయడానికి సాయం వెళ్లింది. మహబూబ్‌బీ మందుల డబ్బా కొనడానికి చౌరస్తాకు పోయింది. యాకమ్మ గోడల బూజు దులిపింది, గచ్చు కడిగింది. తొట్టెల దగ్గరికి వచ్చేసరికి ఆమె చెయ్యి ఆగింది.

దూలానికి వేలాడుతున్నది తన చీరే. మొదటిరోజు మహబూబ్‌బీ అడిగి తీసుకున్న పాత చీర. "ఉతకకుంట ఇయ్యి బిడ్డా," అంది అప్పుడు. తన ఉతుకు ఆమెకు ఆనదేమోనని మనసు చివుక్కుమన్నా, మిల్లుకు కట్టుకునే చిరుగుల చీర విప్పి ఇచ్చింది. మూడు నెలలైంది. ఆ చీరకు నీళ్లు తగిలిన జాడ లేదు. అంచున చెమట చారలు, మోకాలి దగ్గర పిడికెడంత చిరుగు. పక్కన రాజక్క చీర కూడా అంతే. ఇందులోనా నా కొడుకు పడుకునేది? రేపు ఆఫీసరమ్మ వచ్చి, ఈ మురికి గుడ్డ ఎవరిదని అడిగితే? సిగ్గు, కసి రెండూ కలిసి తలకెక్కాయి. రెండు చీరలూ లాగి, సబ్బు పెట్టి బండమీద బాదింది. చాలదన్నట్టు గంజి కూడా పెట్టింది.

మహబూబ్‌బీ వచ్చేసరికి రెండూ తీగమీద ఆరుతున్నాయి. చూసి, "అయ్యో," అంది. ఆ తర్వాత మందుల డబ్బా గూట్లో పెట్టింది.

"పెంచేటోళ్లకు ఉతుకుడు గూడ రావాలె బీబమ్మా," అంది యాకమ్మ.

శుక్రవారం పొద్దుటి పూట పని చేసి, మధ్యాహ్నం రెండున్నర దాకా సెలవు అడుక్కుని ఇద్దరు తల్లులూ వచ్చారు. ఇన్‌స్పెక్టరమ్మ పేరు సరస్వతి. చిన్న వయసు, కళ్లద్దాలు, భుజానికి పెద్ద సంచి. గట్టిగా మాట్లాడే మనిషి కాదు. కానీ చూసిన ప్రతిదీ రాసుకునేది. నీళ్ల కుండ మీద మూత ఉందా. పొయ్యి దగ్గరికి పిల్లలు పోకుండా అడ్డం ఉందా. మందుల డబ్బాలో ఏమున్నాయి. అన్నీ ఉన్నాయి. మహబూబ్‌బీ మాత్రం అడిగినదానికీ అడగనిదానికీ "జీ మేడం," అంటూ తల ఊపుతూనే ఉంది.

"పిల్లలు పడుకునే వేళే కదా. పడుకోబెట్టండి, చూస్తాను," అంది సరస్వతి.

మొండయ్యను తొట్టెలలో వేసింది మహబూబ్‌బీ. వాడు ఒక్క క్షణం అటూ ఇటూ మొహం రాసుకుని, కెవ్వుమన్నాడు. ఊపింది. ఇంకా గట్టిగా ఏడ్చాడు. జోల పాడింది. వెనక్కి విరుచుకుపడ్డాడు. వాడి ఏడుపుకు చిలుకమ్మ కూడా అందుకుంది. మహబూబ్‌బీ ఒకరిని దించి మరొకరిని ఎత్తింది. మొండయ్యకు పాలు తాగిస్తే కక్కాడు.

గోడకానుకుని చూస్తున్న యాకమ్మ లోపల దీపం వెలిగినట్టయింది. ఏసుడే ఆలిశెం పండుకుంటడంటివే! ఏడీ, పండుకోబెట్టు సూద్దాం!

పావుగంట గడిచింది. సరస్వతి గడియారం చూసుకుంది. "రోజూ ఇట్లనే ఏడుస్తాడా?" అని తల్లినే అడిగింది.

ఒక్క మాట. లేదు అంటే చాలు. యాకమ్మ కాలి బొటనవేలితో గచ్చు రాస్తూ నిలబడింది.

సరస్వతి ఇంకాసేపు చూసింది. తర్వాత కలం తీసి రాసుకోసాగింది.

మహబూబ్‌బీ పిల్లవాణ్ని భుజాన వేసుకుని వంటింట్లోకి పోయింది. యాకమ్మ వెనకే వెళ్లింది. ఎందుకు వెళ్లిందో తనకే తెలియదు, బహుశా ఓడిన మొహం దగ్గర నుంచి చూడడానికేనేమో. మహబూబ్‌బీ కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

"నీ తప్పు లేదు బిడ్డా," అంది మెల్లగా. "చీర గంజి వాసన వస్తాంది. అది నీదని వానికి ఎర్క అయిత లేదు."

"నాదైతే ఏంది, కాకపోతే ఏంది?"

"వాడు నన్ను జూసి పండుకుంటడనుకున్నవా ఇన్నొద్దులు? నీ చీరల మూతి పెట్టి, వాసన జూసుకుంట పండుకునేటోడు. నేను ఉత్తగ ఊపేదాన్ని. అందుకే గద ఉతకకుంట ఇయ్యమన్న."

"నిన్ననే చెప్పకపోయినవా!" అంది యాకమ్మ.

"ఏమని చెప్పాలె? నువ్వు గంత కష్టపడి పిండి ఆరేసినవు. మాసిన గుడ్డ జూస్తే మేడం ఏమంటదోనని నాకు గూడ భయమాయె."

బయట కలం మూత పెట్టిన చప్పుడైంది. యాకమ్మ తుళ్లిపడి గడపలోకి వచ్చింది. "మేడం, జర ఆగుండ్రి. రెండే నిమిషాలు," అని, తొట్టెల విప్పి ఆ చీర పట్టుకుని లోపలి గదిలోకి పోయి తలుపు వేసుకుంది.

బయటికి వచ్చినప్పుడు ఆమె ఒంటిమీద ఉన్నది గంజి పెట్టిన చిరుగుల చీర. పెళపెళమంటోంది. మోకాలి దగ్గర చిరుగులోంచి లంగా కనబడుతోంది. నిన్న ఎవరి కంట పడకూడదని బండకేసి బాదిందో, దాన్నే కట్టుకుని ఆఫీసరమ్మ ముందు నిలబడింది. చేతిలో పొద్దుటి నుంచి మిల్లులో కట్టుకున్న చీర, చెమటతో, దూదితో. దాన్ని దూలానికి తానే ముడి వేసింది. మహబూబ్‌బీ పిల్లవాణ్ని అందులో వేసింది.

మొండయ్య ఎక్కిళ్లు పెడుతూనే మొహం తిప్పాడు. గుడ్డ మడత ఒకటి పిడికిట్లో పట్టుకుని ముక్కు దాకా లాక్కున్నాడు. రెండు ఊపులు. మూడోది ఊపే పని లేకపోయింది.

"ఇగ నేను గూడ ఇప్పాలెనా?" అని రాజక్క నోటిమీద చెయ్యి వేసుకుంది. "నా పాత చీర కట్టుకునేటట్టు గూడ లేదు మేడం!" అంటూనే కొంగు చివర చిలుకమ్మ చేతికిచ్చి పక్కనే కూలబడింది. ఆ పిల్ల కొంగు చప్పరిస్తూ గొంతు తగ్గించింది. సరస్వతి మొదటిసారి నవ్వింది.

"ఇందాక ఎందుకు చెప్పలేదు మీరు?" అని యాకమ్మను అడిగింది.

"ఇయ్యాల పిల్లలు ఏడ్సుడు నా మూలంగ మేడం. చీరలు ఉతికింది నేనే. ఆమె కాదు."

"సరే. ఈమె మీ పిల్లవాణ్ని బాగా చూసుకుంటుందా?"

యాకమ్మ మహబూబ్‌బీ వైపు చూడకుండా చెప్పింది. "నాకు ఆమె మీద మంట మేడం. నా కొడుకు ఆమెను అమ్మీ అంటడు. నన్ను ఏమంటలేడు ఇంక. మంట ఉన్నదాన్ని నేనే చెప్తాన సూడుండ్రి, ఆమె దగ్గర లోటు లేదు."

సరస్వతి ఇందాక రాసిన వరుసను రెండు గీతలతో కొట్టేసింది. కొత్తగా మరో వరుస రాసి, సంతకం పెట్టి, కింద ముద్ర వేసింది. "మాసిన గుడ్డ ఉంచమని నేను రాయలేనమ్మా. పదిహేను రోజులకోసారి ఉతకాలని రాశాను. ఉతికిన రోజు ఏ చీర కట్టాలో తల్లులే చూసుకోండి," అంది.

మహబూబ్‌బీ కాగితాన్ని రెండు చేతులా పట్టుకుని కళ్లకద్దుకుంది.

ఇన్‌స్పెక్టరమ్మ చెప్పుల చప్పుడుకేమో, మొండయ్య కదిలాడు. తొట్టెల అంచు మీదుగా తల ఎత్తి ఇద్దరినీ చూశాడు. యాకమ్మ చేతులు చాపింది. వాడు మహబూబ్‌బీ వైపు చేతులు చాపి, "అమ్మీ," అన్నాడు. మళ్లీ గుడ్డలో మొహం దాచుకున్నాడు.

యాకమ్మకు భగ్గుమంది. ఇంతా చేస్తే ఇదా అనిపించింది. అయినా మహబూబ్‌బీ వాణ్ని ఎత్తుకోబోతే, "ఉండనీ బీబమ్మా, వాసన జూసుకోనీ," అని ఆపింది.

రెండున్నర సైరన్ కూసింది. సెలవు అయిపోయింది. సందులోకి వచ్చాక రాజక్క ఆమెను ఎగాదిగా చూసింది. "గీ చిరుగుల చీరతోనే మిల్లుకు వస్తవా ఏంది? మంచి చీర గుంజుకొచ్చుకో పో."

"వాని కిందున్నదాన్ని ఎట్ల గుంజుత?" అంది యాకమ్మ, మోకాలి దగ్గర చిరుగును పిడికిట్లో దగ్గరికి పట్టుకుని గబగబా నడుస్తూ. "పొద్దూకేసరికి ఇది గూడ మాసుతది తియ్యి."