సంతకం నేర్చిన బడి

ఇలా దగ్గరికి జరగండర్రా, గట్టిగా చెప్పుకునే కథ కాదిది.

ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో ఒకావిడ ఉండేది. అందరూ ఇస్త్రీ అక్క అనేవాళ్లు. ఆవిడ దుప్పటి మడత పెట్టిందంటే అంచుకి అంచు అతికినట్టే. అంతకుముందు నాలుగేళ్లు జైల్లో ఉండి వచ్చింది. పనిచేసే ఇంట్లో గొలుసు తీసింది. తీసింది నిజమే, నేను కప్పిపుచ్చను. ఆవిడా ఏనాడూ కాదనలేదు.

లాండ్రీవాళ్లు జీతం బ్యాంకులోనే వేస్తారు. ఈవిడకి ఖాతా లేదు. మేస్త్రీ తన ఖాతాలో వేయించుకుని, పదికి రెండు కోసుకుని మిగతాది చేతిలో పెట్టేవాడు. "నా ఖాతాకి అద్దె అక్కా," అని ఇకిలించేవాడు. నోరెత్తలేదు పాపం. బ్యాంకుకి పోతే ఫోటో, సీలు ఉన్న కాగితం అడుగుతారు. ఆవిడ దగ్గరున్నది ఒక్కటే, విడిచిపెట్టిన రోజు జైలువాళ్లు ఇచ్చిన కాగితం. దాన్ని నాలుగు మడతలు పెట్టి సంచి అడుగున దాచుకుంది.

పైసా కట్టకుండా ఖాతా తెరుస్తున్నారని తెలిసి, ఒకరోజు ధైర్యం చేసి వెళ్లింది. గుమస్తా కుర్రాడు ఈవిడ వాలకం చూసి వేలిముద్ర వెయ్యమని సిరా డబ్బా ముందుకి తోశాడు.

"సంతకం చేస్తా బాబూ," అంది.

మెల్లగా, ముత్యాలు గుచ్చినట్టు పేరు రాసింది. కుర్రాడి కళ్లు ఇంతయ్యాయి. "ఎంత బాగుందమ్మా! చిన్నప్పుడు నేర్చుకున్నావా?"

"లేదు బాబూ, ఈ మధ్యే."

"ఈ వయసులోనా? ఎక్కడ?"

జైల్లో అని ఎలా చెప్తుంది? "రాత్రి బడిలో," అనేసింది.

ఇంకేముంది! "మా అమ్మ ఇప్పటికీ వేలిముద్రే. ఆ బడెక్కడో చెప్పు, రేపే చేర్పిస్తా!" అని పక్క కౌంటరుకి వినబడేలా అరిచాడు. వరసలో ఉన్న పెద్దాయన, "జాగ్రత్త బాబూ, ఇంకో ఏడాదికి నీ కుర్చీకి ఎసరు పెట్టేలా ఉంది," అన్నాడు. అందరూ మెచ్చుకుంటూ నవ్వారు. తిడితే ఓర్చుకునేదే. ఆ మెప్పే ఒళ్లంతా కారం రాసినట్టయింది. కాగితం అడిగేసరికి, "ఇంట్లో మర్చిపోయా," అని చెప్పి బయటపడింది. కాగితం చంకలోని సంచిలోనే ఉంది మరి.

ఆ నెల మేస్త్రీ పదికి మూడు కోశాడు. అడిగితే, "నీలాంటిదానికి ఏ బ్యాంకువాడు ఖాతా ఇస్తాడు? పోయి అడుగు," అన్నాడు. తిండికి, గది అద్దెకి ఇక చాలదు.

మర్నాడు మళ్లీ వెళ్లింది. "వచ్చావా అమ్మా! బడి ఎక్కడో చెప్పలేదు?" అన్నాడు కుర్రాడు. కాగితం బోర్లా పెట్టి ముందుకి జరిపింది. తిప్పి చూశాడు. పైన జైలు ముద్ర. చేతిలో కలం ఆగిపోయింది.

"బడి అదే బాబూ. పంతులమ్మ బంగారం లాంటిది. మీ అమ్మని మాత్రం పంపకు."

నవ్వబోయి ఆపుకున్నాడు. గొంతు తగ్గించి, "ఆవేళే చెప్పొచ్చుగా అమ్మా?" అన్నాడు.

"నువ్వంత సంబరపడుతుంటే నోరు రాలేదు నాయనా."

కాగితం పట్టుకుని మేనేజరు గదిలోకి వెళ్లాడు. వరసలో వెనకున్నావిడ ఆ ముద్ర చూసినట్టుంది, భుజానున్న సంచి తీసి గుండెలకి హత్తుకుంది. ఇస్త్రీ అక్క అది చూసింది. నేల చీలితే బాగుండనిపించింది. గుమ్మం నాలుగడుగుల్లోనే ఉంది. కానీ కదల్లేదు. చేతులు రెండూ కౌంటరు మీద, అందరికీ కనబడేలా పెట్టుకుని, తలొంచుకుని నిలబడింది.

ఆ కాగితం చెల్లుతుందన్నారు. పాసుపుస్తకం చేతికొచ్చింది. ఎవరి మొహమూ చూడకుండా తిన్నగా లాండ్రీకి పోయి, ఆ నంబరు జీతాల గుమస్తాకి రాయించింది.

ఇది గుర్తుంచుకోండి, మీ పిల్లలకీ చెప్పండి. చెప్పేటప్పుడు ఆవిడ గొలుసు తీసిందనీ, అబద్ధమాడిందనీ కూడా చెప్పండి. అవి దాచేస్తే ఆవిడ అక్కడ ఎంతసేపు నిలబడిందో ఎవరికీ అర్థం కాదు.