స్టీలు గ్లాసులో ఈల

మనవరాలి సంచిలో నాలుగో గౌను కూడా కుక్కి, దాని మీద స్టీలు గ్లాసు పెట్టింది అమ్మమ్మ.

“సాయంత్రానికల్లా వచ్చేస్తామే అమ్మా! కాపురానికి పంపుతున్నట్టు ఆ సర్దుడేంటి?” అంది కూతురు.

“నన్ననేది తర్వాత, ముందు ఆ జిప్పు లాగు.”

మూడేళ్ల క్రితం, పిట్ట అని అందరూ పిలిచే ఆ పిల్ల రబ్బరు బాతులోని ఈలబిళ్లను పీల్చేసింది. ఊపిరి తీస్తే చాలు, ఛాతీలోంచి కూత. పిల్ల బాతులా అరుస్తోందని ఇంటిల్లిపాదీ వారం రోజులు నవ్వుకున్నారు. ఆ తర్వాత జ్వరం, ఆసుపత్రి, గొట్టం వేసి బిళ్ల తీయడం. తీయడం ఆలస్యమైంది కాబట్టి ఊపిరితిత్తి దెబ్బతిందేమో ఏటా చూపించుకోమన్నారు. ఈసారి బాగుందంటేనే పిట్టను ఈత క్లాసులో చేర్చుకుంటారు.

అమ్మమ్మకు నమ్మకం లేదు. రోజూ పొద్దున్నే పిల్ల వీపుకు గ్లాసు ఆనించి చెవి పెట్టేది. సన్నగా ఈల వినిపించేది. ఆ రోజు కాలెండరులో ఇంటూ గుర్తు పడేది. మూడేళ్లుగా అన్నీ ఇంటూలే.

ఆసుపత్రి మెట్లెక్కి ముగ్గురూ డాక్టరమ్మ గదికి చేరారు. పిట్ట బుగ్గలు పూరించి, ఊపిరి కొలిచే గొట్టంలోకి ఊదింది.

“భేష్! రెండు వైపులా బాగుంది. ఇక ఈత కొట్టుకోవచ్చు,” అంది డాక్టరమ్మ.

“లేదు తల్లీ, లోపల ఈల ఉంది,” అంటూ అమ్మమ్మ గ్లాసు తీసింది.

డాక్టరమ్మ నవ్వలేదు. “సరే, వినండి. పిట్టా, నువ్వు కాసేపు ఊపిరి బిగబట్టు.”

అమ్మమ్మ చెవి ఆనించింది. “ఇదుగో! కూస్తోంది!”

“పిల్ల ఊపిరే తీయడం లేదు కదండీ.”

ఈల మాత్రం ఆగలేదు. పిట్ట ఇక ఆపుకోలేక పకపకా నవ్వింది.

“అమ్మమ్మా, బాతు నీలో ఉంది!”

గొట్టం అమ్మమ్మ చేతికొచ్చింది. “ఊదు! ఇంకా! టీ చల్లార్చుకున్నట్టు కాదు, గట్టిగా!” అని పిట్ట పెత్తనం చేసింది. ఉబ్బసమని తేలింది. పీల్చే మందు రాసిచ్చారు.

తిరుగు బస్సులో పిట్ట సీట్లో కూర్చునే ఈత కొడుతోంది. కూతురు సంచి ఒళ్లో పెట్టుకుని, “ఇప్పుడైనా చెప్పు, నాలుగు గౌన్లెందుకే?” అంది.

“మా తమ్ముడికి ఒక్క చొక్కానే సర్దాం,” అంది అమ్మమ్మ.

బఠాణీ గింజ పీల్చి, నెల్లాళ్లు దగ్గి, ఐదేళ్లవాడు ఆసుపత్రికి బయల్దేరాడు. అమ్మమ్మకు అప్పుడు తొమ్మిదేళ్లు. వానలు మొదలైన వారంలో, మంగళవారం వెళ్లినవాడు తిరిగి రాలేదు.